మూడు ట్రిప్పుల లాభం

కలప నరికి పట్టుకుపోయినవాళ్లు అడవిలో వదిలేసిన కొమ్మలు, బెరడు, కొండంత కుప్ప. వ్యాపారం మొదలుపెట్టిన నాడు మరిది చేతిలో ఉన్నది అదే. లారీ వదినది, నడిపేదీ ఆవిడే. ఆ చెత్తతో బండ్లకు పొగ తక్కువొచ్చే ఇంధనం చేసే ఫ్యాక్టరీ గేటు ముందు, కాటా మీద లారీ ఆపి కూర్చున్నారిద్దరూ.

"పోయినసారి ఇక్కణ్ణుంచే తిప్పి పంపారు, గుర్తుందా మరిదీ?"

"ఎందుకు లేదు వదినా? సరుకు తెచ్చే లారీయే అంత డీజిల్ తాగితే, ఇక పొగ తగ్గేదెక్కడ అన్నారు. న్యాయమైన మాటే."

"ఈసారీ కాదంటే నా లారీ ఇసుకకి పోతుంది. ముందే చెప్తున్నా."

"పోదు. అప్పుడు పచ్చి కొమ్మలు అలాగే వేసుకొచ్చాం. లారీలో సగం నీళ్లు, సగం గాలి."

"మరి కట్టె?"

"అదీ ఉందిలే, ఏదో మూల."

"నాలుగు నెలలు కుప్పని ఎండలో వదిలేసి తిరుగుతుంటే, ఒళ్లు బద్ధకం అనుకున్నా."

"ఎండ ఊరికే పనిచేసి పెడుతుంటే నేనెందుకు అడ్డం? ఎండాక అక్కడే మిషన్‌లో ముక్కలు కొట్టించాను."

కాటా మనిషి గుప్పెడు ముక్కలు తీసి తేమ చూశాడు, చీటీ ఇచ్చి గేటు తీయించాడు.

"తీసుకున్నారు! అయితే నాలుగు ట్రిప్పుల కట్టె ఒక్క లారీలో పట్టిందన్నమాట."

"పట్టింది."

"ఇంతకీ మనకి మిగిలిందేంటి, వ్యాపారీ?"

"నువ్వు తోలక్కర్లేని మూడు ట్రిప్పులు, వదినా."