కాశింబీ తీసిన సొట్ట

కాశింబీ అంటే మన అడ్డరోడ్డు స్టాండులో ఆటో తోలుద్దే, ఆమె. మొగుడు హుస్సేను నడుం పట్టేసి మంచాన పడితే, ఆయన తోలే ఆటో ఈమె అందుకుంది. స్టాండుకి పెద్ద రోశయ్య. ఆడమనిషి వచ్చి వరసలో బండి పెట్టటం ఆయనకి గిట్టలా. నోటితో అన్లేదనుకో, మొహం చెప్పుద్ది గదా. ఒకరోజు ఏమైందంటే, రోశయ్య తన బండి వెనక్కి తీసుకుంటా తీసుకుంటా పోయి ఆమె బండి పక్కరేకుని గుద్దాడు. రేకు లోపలికి పోయింది, ఎంతనుకున్నావు, గంప పట్టేంత గుంట. "ఏందన్నా, చూసుకోవద్దా" అని ఆమె అంటే, నువ్వు వంకరగా పెట్టావు, నేనేం చేసేది అన్నాడంట. అంట ఏందిలే, నేనక్కడే ఉన్నా. ఆమె బండి తిన్నగానే ఉంది. నేను నోరు తెరవలా. అది గూడా రాసుకో అబ్బాయ్, పర్లేదు. పైగా రోశయ్య ఆ పూటే ఓ రూలు పెట్టాడు, సొట్టబండి స్టాండులో ఉండకూడదు, చూసినోళ్లు మన ఆటోలెక్కరు అని. బాగుచేయించుకునేదాకా ఇటు రావొద్దన్నాడు.

టౌన్లో టింకరింగు షెడ్లు మూడున్నాయి. మూడింటికీ పోయిందంట. ఒకాయన ఖాళీ లేదన్నాడు, ఒకాయన వచ్చే నెల చూద్దామన్నాడు. మూడో ఆయన కాస్త మంచోడు, "రోశయ్యన్నతో మాట్లాడుకుని రామ్మా, మాకెందుకు గొడవ" అని ఉన్నమాట చెప్పాడంట. ఇంటికొస్తే హుస్సేను, ఒక మాట చెప్పి సర్దుకోరాదా అన్నాడు. "ఏం చెప్పాలి? నా బండి నీ బండికి అడ్డమొచ్చింది, మన్నించు అని చెప్పాలా? చెప్పను. రేకేగా, నేనే తీస్తా" అంది. ఆయన నవ్వాడంట. నవ్వితే నడుం పీకి మళ్లీ ఊరుకున్నాడంట.

సరే, మొదలుపెట్టింది. ఇంట్లో సుత్తి ఉంది, మేకులు కొట్టే ఇనప సుత్తి. సీటు ఊడదీసి, లోపలి రెగ్జీను విప్పి, వెనక నించి గుంట మధ్యన ఠంగు ఠంగుమని కొట్టింది. కొడితే ఏమయ్యిద్ది? రేకు సాగింది. ఒక చోట లోపలికి, ఒక చోట బయటికి, ఏలు పెట్టి నొక్కితే టక్కుమని లోపలికి పోయిద్ది, తీస్తే టక్కుమని బయటికొస్తది. ఇహ దాని మీద గుంటలు పూడ్చే లప్పం తెచ్చి రొట్టెకి పిండి పెట్టినట్టు మందంగా మెత్తి, రుద్ది, రంగేసింది. పైకి బానే ఉంది. మర్నాడు స్టాండుకి తెచ్చింది గదా, స్పీడు బ్రేకరు ఎక్కి దిగేసరికి ఆ లప్పం పలకలు పలకలుగా ఊడి రోడ్డు మీద పడింది, సరిగ్గా మా ముందర. మేం నవ్వాం. రోశయ్య నవ్వాడు, నేనూ నవ్వా. ఆమె దిగి, ఆ ముక్కలు కాలితో పక్కకి నెట్టి, "నవ్వండి. మళ్లీ కొడతా" అని బండెక్కి పోయింది.

ఆదివారం సంతలో బిందెలకి సొట్టలు తీసే లక్ష్మాచారి ఉండేవాడు, ముసలాయన. ఆయన ఎదురుగా కూర్చుని పొద్దుటినించి చూస్తానే ఉందంట. ఆయనకే విసుగొచ్చి, ఏం కావాలమ్మా, బిందె ఏది అన్నాడంట. బిందె కాదు తాతా, ఆటో అంది. ఆయన నవ్వలా. బండి దగ్గరకొచ్చి, రేకు మీద పాత గుడ్డ పరిచి, దాని మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని తడిమాడంట. "కొట్టావు. రేకుని కొట్టకూడదమ్మా, ఒప్పించాలి. మధ్యన మొదలుపెట్టావు, అది పొరపాటు. అంచు నించి రావాలి, ఎక్కడ బాగున్న రేకు అయిపోయి గుంట మొదలయ్యిద్దో అక్కడ నించి. ఒక పక్క ఇనప దిమ్మ ఆనించి, ఇంకో పక్క కొయ్య సుత్తితో చిన్నగా. పది దెబ్బలకోసారి చేత్తో తడిమి చూసుకో, కంటిని నమ్మబాక" అన్నాడు.

దిమ్మ, కొయ్య సుత్తి, ఆకురాయి ఆయనే ఇచ్చాడు. ఇంటి ముందర బండి పెట్టుకుని ఆరు రోజులు కూర్చుంది. హుస్సేను మంచం గుమ్మంలోకి లాగించుకుని, పడుకునే ఒక చేత్తో దిమ్మ ఆనించి పట్టేవాడంట. సాగిన చోటుకి మాత్రం ఆచారి వచ్చాడు. ట్యాంకు ఊడదీసి దూరంగా పెట్టించి, మంటతో అక్కడ ఎర్రగా కాల్చి తడిగుడ్డ అద్దితే, రేకు సుయ్యిమని దగ్గరికి ముడుచుకుందంట. అప్పుడు నొక్కితే టక్కుమనలా. ఆమె ఏడ్చిందంట అప్పుడు, అన్నాళ్లూ ఏడవనిది. ఆ పైన లప్పం చాలా పలచగా, కాయితం మందాన. నీళ్లు పోస్తా గరుకు కాయితంతో రుద్ది, ప్రైమరేసి, పసుపు రంగు కొట్టింది. ఆ పసుపు పాత పసుపుకి కలవలా, కొంచెం ముదురు.

స్టాండుకి తెచ్చి వరసలో పెట్టింది. రోశయ్య వచ్చి ఆ రేకు మీద చెయ్యేసి ఇటు నించి అటు, అటు నించి ఇటు తడిమాడు. ఏం తగల్లా. ఏ షెడ్డులో చేశారు అన్నాడు. మా ఇంటి ముందర అంది. "రంగు తేడాగా ఉందే" అన్నాడు. "రూలు సొట్టకి పెట్టావన్నా, రంగుకి పెట్టలా. సొట్టకే అయితే, నన్ను గుద్దినప్పుడు నీ బండి వెనక రేకు గూడా నొక్కుకుపోయింది, పోయి చూసుకో. నువ్వెప్పుడు పోతన్నావు స్టాండులోంచి?" అంది. గట్టిగా గూడా అన్లా. మేమందరం మా మా బండ్ల వైపు చూసుకున్నాం. సొట్ట లేని బండి స్టాండు మొత్తానికి ఆమెదొక్కటే. రోశయ్య బీడీ ముట్టించుకుని చెట్టు కిందకి పోయాడు. ఆ రూలు సంగతి మళ్లీ ఎత్తలా.

తర్వాత నేను నా బండి తీసుకుని ఆమె ఇంటికి పోయా, సిగ్గు చంపుకుని. ముందు మడ్గార్డు సొట్టపోయుంది నాది. ఆమె చూసి, లోపలికి పోయి, కొయ్య సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నేను తీయను. నువ్వు తియ్యి, చూపిస్తా" అంది. రెండు నెలలయ్యింది అబ్బాయ్. బయటుంది బండి, పోయి తడిమి చూడు, సగం వచ్చింది. మిగతా సగం రేకు ఒప్పుకోవాలి గదా, నేనేం చేసేది.