దీపం ఆరని పాతర

కోనమ్మకు ఇరవై రెండేళ్ళకే పాతర్ల పెద్దరికం ఇచ్చినారంట. పాతరంటే మీలో పిల్లకాయలకు తెలీదులే. నేలలో నిలువునా తవ్విన గుంత. మనిషి భుజాల మీద మనిషి నిలబడినా పైకి చెయ్యి అందదు, అంత లోతు. లోపల గోడలకు గడ్డి చుట్టి, నిండా జొన్నలు పోసి, పైన బండ మూసి, బండ మీద ఎర్రమట్టి మెత్తుతారు. ఆ మట్టి పచ్చిగా ఉండంగానే పాతర్ల పెద్ద తన అరిచెయ్యి అదిమి ముద్ర వెయ్యాల. ఆ చెయ్యి గుర్తు ఉన్నన్నాళ్ళూ గింజకు ఆ మనిషే పూచీ. కాకులదొడ్డిలో అట్లాంటి పాతర్లు తొమ్మిది ఉండేవంట. నాలుగూర్ల జనం మంచి కాలంలో ఇంటికో బండి జొన్నలు తెచ్చి అందులో పోసుకునేది, చెడ్డ కాలంలో తీసుకుని తినేది. దాన్ని నడిపేది పదకొండు పెద్ద ఇండ్లోళ్ళు. పదకొండిళ్ళ కొట్టు అనేవాళ్ళు. ఇప్పుడు మీరు కంపెనీ అంటారే, అట్లాంటిదే అనుకో. కంపెనీలో డబ్బు చూసేదానికి ఒక పెద్దాఫీసరు ఉంటాడంట గదా, ఈ పాతర్ల పెద్ద కూడా అట్లాంటోడే. ఆ కాలంలో డబ్బంటే జొన్నలే గదప్పా.

ఆ పెద్దరికం నలభై ఏండ్లు చేసినాయన కంబగిరి. ఆయనకు పిల్లాజెల్లా లేరు. కోనమ్మ నాయన ఆ పాతర్లలోనే కూలి చేస్తా, దీపం దించకుండా తొందరపడి ఒక నిండు పాతరలో దిగి అందులోనే పోయినాడు. నిండు పాతర మూత తీస్తే గింజల ఆవిరి లోపల నిలబడి ఉంటుంది, కంటికి కనపడదు. అందుకని ముందు తాడు కట్టి దీపం దించుతారు. దీపం ఆరిపోయిందా, ఎవురూ దిగకూడదు. ఒక పూట గాలి తోలినంక మళ్ళీ దించి, దీపం నిలబడితేనే మనిషి దిగాల. సరే, ఆ నాయన పోయినంక కంబగిరి తాతే కోనమ్మను దగ్గరికి తీసినాడు. వాళ్ళమ్మ సుంకమ్మ కొట్టు ముందర ఊడుస్తాంటే, ఈ పిల్ల తాత పక్కన కూర్చుని కొలత నేర్చింది. తాత పళ్ళెంలో తినింది. కాలు మోపి నేలను తడితే కింద పాతర నిండిందా, సగమా అని చెప్పేదంట. నిండు పాతర మీద అడుగు పడితే పొడి శబ్దం, వెలితి పాతర మీద పడితే డోలు మాదిరి. ఊర్లో మగోళ్ళకు కూడా అది పట్టుబడలేదు.

ఏమైందంటే, ఒక ఎండాకాలం కంబగిరి తాత పోయినాడు. పదకొండిళ్ళోళ్ళు కూర్చున్నారు, ఎవర్ని పెడదామా అని. పట్నం నుంచి ఒక లెక్కలాయన వచ్చినాడంట. బాగా చదివినోడు, పాతిక కొట్లు చూసినోడు. ఆయన ఒకటే మాటన్నాడు, తొమ్మిది మూతలూ తీయించండి, నా ముందర కొలిపించండి, అప్పుడు చెయ్యి వేస్తా, లేకుంటే నాకీ కొలువొద్దు అని. ఆయనకు చల్లటి మజ్జిగ పోసి, బండి కట్టించి, మర్యాదగా పొలిమేర దాటించినారు. ఆ తర్వాత పదకొండిళ్ళలో పెద్ద ఇల్లు చిన్నపరెడ్డిది, పేరులోనే చిన్న, మిగతాదంతా పెద్దే అనుకో, ఆయన మీసం దువ్వుకుంటా ఏమన్నాడంటే, మనింట్లో పెరిగిన పిల్ల ఉండంగా బయటోళ్ళెందుకప్పా, కోనమ్మకు ఏం తక్కువ, లోపలి మనిషి, వయసులో ఉంది, చురుకైన పిల్ల, కంబగిరి చేతి కింద పండింది అన్నాడు. మిగతా పది తలకాయలూ ఊగినాయి. ఊరంతా ఒకటే సంబరం. ఆడపిల్లకు పెద్దరికం ఇచ్చినారు, కాలం మారిపోయింది అని. అమ్మలక్కలు కోనమ్మకు బుగ్గలు నిమిరి మెటికలు విరిచినారు.

సుంకమ్మ మాత్రం చీపురు పట్టుకుని అట్లే నిలబడిందంట. ఇంటికి పోయినంక కూతుర్ని అడిగింది, అమ్మీ, ముప్పై ఏండ్లు ఆ వాకిలి ఊడ్చినా, నన్ను ఒక్క దినం అరుగు మీద కూర్చో అనలేదు, నీకు ఏకంగా మంచమేసి కూర్చోమంటాండారు, ఏంటికో అడిగినావా. నేను పని నేర్చినా గదా అనింది కోనమ్మ. నేర్చినావు, ఆ పట్నమాయన నేర్వలేదా. ఆయన బయటోడు గదమ్మా. బయటోడు కాబట్టే మూత తియ్యమన్నాడు, నువ్వు లోపలిదానివి కాబట్టి అడగవని వాళ్ళకు తెలుసు. అమ్మా, నాకింత మంచి జరుగుతాంటే నువ్వు ఓర్వలేవా. ఆ మాటకు సుంకమ్మ పొయ్యి ముందర కూర్చుని పుల్లలు ఎగదోసిందంట. మన తల్లులతో ఈ మాట మనమూ అనుంటాం, ఆడపిల్లలంతా అట్లా నా వైపు చూడొద్దు.

కట్టడి ఏందంటే, కొత్త పెద్ద వచ్చినప్పుడు మూతలు తియ్యకూడదు. తీస్తే గాలి దూరి గింజకు పురుగు పడతాదని. అందుకని పాత పెద్ద ముద్ర మీదనే కొత్తమట్టి మెత్తి, కొత్త పెద్ద తన చెయ్యి వెయ్యాల. అంటే కింద ఏముందో పాతాయన మాట మీద నమ్మాల. వందేండ్లుగా అట్లే నమ్ముకుంటా వచ్చినారు. ఆ దినం డప్పులు కొడతాంటే కోనమ్మ ఒకటో పాతర మీద చెయ్యి వేసింది, రెండో దాని మీద వేసింది, మూడు, నాలుగు, ఐదు. ఆరో దాని మీద కాలు పెట్టేసరికి కింద నుంచి డోలు శబ్దం వచ్చె. ఆ పిల్ల నిలబడిపోయింది. అడుగు వెనక్కి తీసి మళ్ళీ వేసింది. మళ్ళీ డోలే. పెద్దాయనా, ఇది ఒకసారి తీసి చూస్తామా అనింది. చిన్నపరెడ్డి దగ్గరికి వచ్చి, జనానికి వినపడకుండా, కంబగిరి పోయి పదకొండు దినాలు కూడా కాలేదమ్మీ, ఆయన చెయ్యి ఇంకా మట్టి మీద కనపడతాంది చూడు, నీ నోట్లో ముద్ద పెట్టిన చెయ్యి, దాన్ని పగలగొట్టి తాత దొంగ అని నాలుగూర్ల ముందర చెప్తావా, చెప్తే చెప్పు, గడ్డపార తెప్పిస్తా అన్నాడు. కోనమ్మ ఆ చెయ్యి గుర్తు వైపు చూసిందంట. చిటికెన వేలు కొంచెం వంకర, తాతకు చిన్నప్పుడు విరిగి అతుక్కుంది. ఆ గుర్తు మీద మట్టి మెత్తి, తన చెయ్యి అదిమింది. ఏడు డోలే. ఎనిమిది డోలే. తొమ్మిది డోలే. అన్నిటి మీదా వేసింది. నమ్మినందుకు వేసిందా అంటే, నమ్మలేదు. నమ్మలేదని చెప్పే నోరు రాలేదు, అంతే.

ఆ ఏడు వాన లేదు. మృగశిర పోయె, ఆరుద్ర పోయె, ఇంకేం వస్తుందిలే అని మోడం పట్టిందా అని ఆకాశం వైపు చూసేది కూడా మానుకున్నారు జనం. దసరా దాటినంక పాతర్లు తీసేది మొదలుపెట్టినారు. ఒకటో పాతర తీసినారు, దీపం దించినారు, టక్కున ఆరిపోయింది, జనం అమ్మయ్య అనుకున్నారు. దీపం ఆరితే గింజ ఉన్నట్టు గదా. మరుసటి పూట దిగి జొన్నలు తోడి నాలుగూర్లకూ పంచినారు. అట్లా రెండు, మూడు, నాలుగు. పుష్యమాసానికి ఐదోదీ అడుగంటింది. జనానికేం భయం లేదు, ఇంకా నాలుగు పాతర్లు ఉండాయి గదా, మళ్ళీ వానలదాకా సరిపోతాయి అని కదలకుండా కూర్చున్నారు. ఒకరిద్దరు నీళ్ళున్న ఏటిదరికి వలస పోదామా అంటే పక్కోళ్ళు నవ్వినారంట, పాతర్లు పెట్టుకుని పరాయి ఊర్లో అడుక్కుంటారా అని.

ఇంక ఉండలేక, ఒక పొద్దున కోనమ్మ చిన్నపరెడ్డి ఇంటికి పోయింది. ఆయన మంచం మీద కూర్చుని తలకు నూనె పెట్టించుకుంటాండాడు. పెద్దాయనా, రేపు ఆరో పాతర తియ్యాల అనింది. తియ్యి. అందులో ఏమీ లేదు. మూత తియ్యకుండానే నీకెట్లా తెలిసె. కాలికి తెలిసింది. ఎప్పుడు తెలిసె. ముద్ర వేసిన దినమే. ఆయన నూనె పెట్టేదాన్ని లోపలికి పంపించి, మెల్లగా, నవ్వుతానే అన్నాడంట. చూడమ్మీ, తెలిసి చెయ్యి వేసినావా, తెలీక వేసినావా. తెలిసి వేస్తే నువ్వు దొంగవి. తెలీక వేస్తే ఆ పనికి పనికిరానిదానివి. రెంట్లో ఏది కావాలో నువ్వే చెప్పు. కోనమ్మ ఆ రెండూ పక్కన పెట్టి, గింజలేమైనాయో ముందు అది చెప్పండి అనింది. ఆయన దాచలేదు. ఎవరి ముందర దాచాల, ఆ పిల్ల మాట ఎవరు నమ్ముతారు. మా పాప పెండ్లికి కొంత వాడుకున్నాం, ఎనిమిదో ఇంటాయన కోర్టు యాజ్యానికి కొంత పోయింది, ధర ఉన్నప్పుడు అమ్మింది కొంత. తిరిగి పాతర్లో పోద్దామనే అనుకున్నాం. కంబగిరి మా ఉప్పు తిన్నోడు, వద్దనలేకపోయినాడు. ఇప్పుడు నువ్వేం చెయ్యాలంటే, గింజకు విషం పట్టింది, ముట్టుకుంటే చస్తారు అని చెప్పు, మట్టి కప్పిద్దాం. నీకు కాలవ కింద రెండెకరాలు రాసిస్తా. మరి జనం, అనింది కోనమ్మ. పట్నం నుంచి బండ్లు వస్తాండాయి, నెల ఓర్చుకోండి అని చెప్దాం. వస్తాయా. రావు. నెల తర్వాత అడుగుతారు గదా. నెల తర్వాత అడిగే ఓపిక ఉండదులే అమ్మీ అన్నాడంట.

విన్నారా. గొంతు కూడా పెంచలేదు. చెట్టుకు నీళ్ళు పొయ్యొద్దులే అన్నట్టు అన్నాడు. ఏటిదరికి నాలుగు దినాల నడక. ఎద్దులు ఇంకా బండి లాగుతాండాయి, ముసిలోళ్ళు ఇంకా లేచి నిలబడతాండారు. నెల పోతే ఎద్దులుండవు, నిలబడేవాళ్ళుండరు. అది ఆయనకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. కోనమ్మ ఇంటికొచ్చి తల్లికి అంతా చెప్పింది. రెండెకరాలు వద్దంటివా అని అడిగింది సుంకమ్మ. వద్దంటి. జనానికి నిజం చెప్తే నిన్ను బతకనిస్తారనుకున్నావా. అనుకోలేదు. సుంకమ్మ లేచి, సరే, దీపంలో నూనె పోస్తా పట్టు, అనింది.

మరుసటి దినం మిట్టమధ్యాహ్నం, నాలుగూర్ల జనం గోతాలు చంకలో పెట్టుకుని వచ్చి నిలబడినారు. కోనమ్మ ఒక్క ఆరోది కాదు, నాలుగు మూతలూ ఒకేసారి పగలగొట్టించింది. పదకొండిళ్ళోళ్ళు వద్దు వద్దంటా ముందుకొచ్చినారు గానీ, పాతర కాడ పాతర్ల పెద్ద చెప్పిందే మాట, వాళ్ళు పెట్టుకున్న కట్టడే అది. తాడు కట్టి ఆరో పాతరలో దీపం దించినారు. తల్లులు పిల్లల్ని వెనక్కి లాగినారు. దీపం దిగింది. ఆరలేదు. ఇంకా దిగింది. ఆరలేదు. అడుగుకు పోయి నిలబడి, నిమ్మళంగా వెలగతాంది. గోడల గడ్డి కనపడింది, అడుగున ఒక విరిగిన గంప కనపడింది. ఒకడెవడో ముందుకొచ్చి, ఆరలేదురో, ఈ పొద్దే దిగొచ్చు అని సంబరపడినాడంట, పాపం. పక్కన ఒక ముసిలామె తొంగి చూసి, తెచ్చుకున్న గోతం నేల మీద పరుచుకుని దాని మీద కూర్చుండిపోయింది. అప్పుడు తెలిసె అందరికీ. ఏడో దాంట్లో దించినారు, వెలుగుతానే ఉంది. ఎనిమిది, తొమ్మిది. నాలుగు దీపాలు నాలుగు గుంతల్లో పండగ మాదిరి వెలగతాండాయి, పైన జనం ఖాళీ గోతాలు పట్టుకుని చూస్తాండారు.

చిన్నపరెడ్డే ముందు తేరుకున్నాడు. చేతులు జోడించి, చిన్నపిల్లని నమ్మి పెద్ద పని ఇచ్చినాం, మోసపోయినాం, మీరూ మోసపోయినారు అన్నాడు. ముద్ర ఎవరిది అని అడిగినాడు. నాదే అనింది కోనమ్మ. కింద ఏమీ లేదని తెలుసా నీకు. తెలుసు, వేసిన దినమే తెలుసు, తిన్నది మాత్రం పదకొండిళ్ళు అనింది. అప్పుడు సుంకమ్మ చేతిలో చీపురుతోనే ముందుకొచ్చి, ఏమప్పా, నాలుగు పాతర్ల జొన్నలంటే ఎన్ని బండ్లు, ఎనిమిది నెలల్లో నేనూ నా బిడ్డా మింగినామా, రండి మా గుడిసెకు, మా ఇంట్లో ఎలకలు కూడా పస్తుండాయి, ఈళ్ళ గాదెల కాడికి పోయి చూడండి అనింది. కొందరు నిజమే గదా అనుకున్నారు. అనుకున్నోళ్ళు తలకాయలు దించుకున్నారు. గాదెల కాడికి పోవాలంటే పదకొండిళ్ళోళ్ళతో తగాదా పెట్టుకోవాల. ఈ పిల్లతో అయితే ఏమీ పెట్టుకోనక్కరలేదు. గింజ లేకుంటే ముద్ర వేసిన చెయ్యి కాల్చేది పాత కట్టడి. ఇనుము ఎర్రగా చేసినారు. చేసింది పదకొండిళ్ళోళ్ళు కాదు, ఆ జనమే, ఆకలిగా ఉన్న జనమే. కోనమ్మ చెయ్యి చాపి ఒక మాటనింది, కాల్చండి, కాల్చినంక ఇండ్లకు పోవద్దు, బండ్లు కట్టండి, ఈ పొద్దే ఏటిదరికి పోండి, రేపంటే ఎద్దులు లేవవు.

కాల్చినారు. మళ్ళీ ఆ మాట కూడా విన్నారు, చూడు చోద్యం. పొద్దు వాలకముందే నాలుగూర్ల బండ్లు కదిలినాయి. దారిలో పదహారు మంది పోయినారంట, మిగతా వందలమంది ఏటిదరికి చేరి గంజి తాగినారు, కూలికి కుదిరినారు, బతికినారు. కోనమ్మ కూడా చేతికి ఆకు కట్టుకుని ఆ బండ్ల వెనకనే నడిచింది. నాలుగు దినాల్లో ఒక్కరూ ఆ పిల్లతో మాట్లాడలేదు. నీళ్ళు అడిగితే చెంబు కింద పెట్టి పక్కకు పోయేవాళ్ళంట. ఆ చెయ్యి మళ్ళీ ముడుచుకోలేదు. ఏటిదరిలోనే ఎడమచేత్తో నాట్లు వేసి, తల్లిని సాకి, అక్కడే పోయింది.

చిన్నపరెడ్డికి ఏమైందని అడుగుతారు మీరు, నాకు తెలుసు. మా అత్త ఈ కథ చెప్పినప్పుడు ఆయన్ని పాము కరిచి చచ్చినాడని చెప్పేది, పిల్లకాయలు నిద్రపోవాల గదా అని. నేను చెప్పను. ఆయనకేమీ కాలేదు. ఎనభై ఏండ్లు బతికి, మెత్తటి పరుపు మీద, మనవళ్ళు కాళ్ళు ఒత్తుతాంటే పోయినాడు. మరి కోనమ్మ తప్పేం లేదా అంటే, ఉంది. ఆ దినం గడ్డపార తెప్పిస్తా అన్నాడు గదా ఆయన, తెప్పించు అనుంటే ఎనిమిది నెలల ముందే తెలిసేది, పదహారు మంది మిగిలేవాళ్ళు. ఆ సంగతి ఆ పిల్లకు మనకంటే బాగా తెలుసు, అందుకే చెయ్యి చాపినప్పుడు ఏడవలేదు. ఈ కథ చెప్పినంక ఎవరో ఒకరు, ఆడపిల్లకు పెద్దరికం ఇస్తే ఇట్లే అవుతాది అంటారు, ప్రతిసారీ అంటారు. వాళ్ళకు నేను మళ్ళీ మొదటి నుంచి చెప్తా. ఇప్పుడు ఎవరైనా అంటారా, లేకుంటే లేచి అన్నాలు తింటారా.