ఎడమ తలుపు

ఐర్లండ్‌లోని స్లైగోలో వాన తెరిపిచ్చిన సాయంత్రం, ఇంటి ముందు తమ పాత బుల్లి కారును ఆఖరిసారి తుడుస్తోంది ఆమె; భర్త పక్కనే నిలబడి చూస్తున్నాడు. దాన్ని కొనుక్కున్న కాలేజీ అమ్మాయి కాసేపట్లో వచ్చేస్తుంది.

“కొన్న రోజు గుర్తుందాండీ? చక్రాల కింద నిమ్మకాయలు పెడితే, మన సంచిలోంచి దొర్లిపోయాయనుకుని పక్కింటావిడ ఏరి తెచ్చిచ్చింది.”

“మళ్లీ పెడితే మళ్లీ తెచ్చింది. చివరికి వాటితో పులిహోర చేసి ఆవిడకే పెట్టావు.”

“తొక్కించకపోయినా ఇన్నేళ్లు నడిచింది మహాతల్లి! పెట్రోలు వాసన చూపిస్తే చాలు, డబ్లిన్ దాకా పోయేది.”

“బియ్యం బస్తా ఎక్కిస్తే మాత్రం మూలిగేది.”

“నేనెక్కినా మూలుగుతుందనేవారు!”

“నేనెక్కడన్నాను? కారే అంది.”

ఆమె తడిగుడ్డ అతని మీదికి విసిరింది.

“ఆ పిల్లకి అన్నీ విడమర్చి చెప్పండి. ముఖ్యంగా ఈ ఎడమ తలుపు బయటనుంచి లాగితే రాదని.”

“అదక్కర్లేదులే.”

“అక్కర్లేదేంటి? పాపం, వానలో నిలబడి ఇలా లాగుతూ ఉంటే...” ఆమె పిడి పట్టుకుని లాగింది. తలుపు ఠక్కున తెరుచుకుంది. “ఇదెప్పుడు బాగైంది?”

“కొన్న మరుసటేడే బాగుచేయించా.”

“మరి రోజూ లోపల్నుంచి వంగి మీరే తీసేవారేం?”

“తీసేదాకా అద్దంలోంచి నన్ను చూసి నవ్వేదానివి. బాగైందని చెబితే నేరుగా ఎక్కి కూర్చుంటావుగా.”

ఆమె తలుపు దబ్బున మూసింది.

“ఎక్కండి లోపలికి.”

“ఇప్పుడెక్కడికి?”

“ఎక్కడికీ కాదు. కూర్చోండి.”

అతను స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆమె ఎడమవైపు నిలబడి, అద్దం దగ్గరికి వంగి నవ్వింది.

“ఊఁ, తియ్యండి.”