పేరు చెప్పను గానీ

నరసరావుపేటలో ఒక కమ్యూనిటీ కాలేజీ. సౌండు, వీడియో టెక్నీషియన్ కోర్సు తొలి బ్యాచ్ ముగింపు సభ అయిపోయి అర్ధగంటయింది. ల్యాబులో ఇద్దరే ఉన్నారు: కోర్సు చెప్పే ఇంద్రజ, ఆమె దగ్గర చదువుతున్న యాభై తొమ్మిదేళ్ళ హనుమయ్య.

“ఎలకండీ మేడమ్.”

“ఎలకా?”

“ఎలకే. వైరు కొరికింది. పందికొక్కు కూడా కావచ్చు. హాలు వెనక చానా ఉన్నయ్.”

“వైరు ఇదిగో, నా చేతిలోనే ఉంది హనుమయ్య గారూ. ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశా. ఒక్క పంటిగాటు లేదు.”

“అయితే ఫ్యూజు.”

“ఫ్యూజు పోతే యాంప్లిఫైరు ఆరిపోవాలి. దాని ఎర్రలైటు వెలుగుతానే ఉంది.”

“వెలుగుద్ది మేడమ్. ఒక్కోసారి లోపల ప్రాణం పోయినా లైటు వెలుగుద్ది. మా పాత సెట్టు అట్టాగే చేసేది.”

“ఇది కొత్త సెట్టు. పెట్టె విప్పి మూడు నెలలు.”

“అదే మరి. కొత్తవాటిని నమ్మకూడదు.”

“ముందు ఆ స్టూలు లాక్కొని కూర్చోండి. ఇవాళ్టిది ఊరికే సభ కాదు, మీ అందరి ప్రాక్టికల్ పరీక్ష. దీపికకీ సందీప్‌కీ కెమెరాలు, మీకు సౌండు. గంటన్నర సభలో సౌండు పోకూడదు, పోయిందా, రెండు నిమిషాల్లో తప్పెక్కడుందో పట్టుకొని మళ్ళీ తేవాలి. మొన్న మూడుసార్లు చెప్పానా లేదా?”

“చెప్పారు.”

“సరిగ్గా సుధీర్ బాబు గారు మాట్లాడేటప్పుడే పోయింది. ముఖ్య అతిథి, పైగా మన కాలేజీ కమిటీకి పెద్ద. మీరేమో రెండు నిమిషాలు కాదు గదా, సభ అయ్యేదాకా కంటికి కనపడలేదు. ఎక్కడికి పోయారు?”

“జనరేటర్ కాడికి.”

“కరెంటు పోందే జనరేటర్‌తో పనేంది?”

“వెతుకుతున్నట్టు కనపడాలి గదా మేడమ్. అంటే, వెతకాలి గదా అని.”

“ఏందీ?”

“ఏం లేదు. దాహమేసింది.”

“ఇదిగో ఈ ఫారంలో ఒక గడి ఉంది. సౌండు ఎందుకు పోయిందో రాయాలి. తెలియదని రాస్తే మీరు ఫెయిలు. ఎలకని రాస్తే నా ఉద్యోగం పోద్ది.”

“ఫెయిలు మాత్రం చెయ్యొద్దు తల్లీ. ఆ సర్టిఫికెట్ లేకపోతే మండలాఫీసోళ్ళు గానీ స్కూళ్ళోళ్ళు గానీ నన్ను మైకుకి పిలవట్లా. నలభై ఏళ్ళు మైకు కట్టినోణ్ణి, కాగితం ఉందా తాతా అని అడుగుతున్నారు. అందుకే గదా ఆర్నెల్లు పిల్లకాయల పక్కన బెంచీ మీద కూర్చుంది. రోజూ క్యారేజీ చేతికిచ్చేటప్పుడు మా గురవమ్మ బజారంతా వినపడేట్టు చెప్పుద్ది, మా ఆయన కాలేజీకి పోతన్నాడని. ఇప్పుడు తప్పాడని ఎట్టా చెప్పుకుంటది?”

“మరి నిజం చెప్పండి.”

“చెప్పా గదా. ఎలక.”

“సరే. ఈ స్క్రీన్ చూడండి. దీపిక తీసిన పక్క కెమెరా ఇది. ఈయనెవరు?”

“ఎవరో పెద్దాయన.”

“ఆకుపచ్చ కండువా వేసుకున్నాడు, ఇప్పుడు మీ భుజం మీదున్నట్టే.”

“కండువాలు చానామందికి ఉంటయ్.”

“సౌండు మిక్సర్ దగ్గర నిలబడ్డాడు. ఇదిగో, వంగాడు. చూపు సీలింగ్ మీద, చెయ్యి మిక్సర్ వెనక. మైకు వైరు జాక్ లాగాడు. లాగి, కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు చూడండి, ఏమీ ఎరగనట్టు. ఇంకోసారి వెయ్యనా?”

“వద్దులే. ఇంత స్పష్టంగా తియ్యడం ఎవరు నేర్పారు ఆ పిల్లకి?”

“నేనే.”

“బాగా నేర్పారు.”

“ఎందుకు లాగారు? సుధీర్ బాబు గారంటే పడదా?”

“ఆయనతో నాకేం తగాదా? పలకరింపు కూడా లేదు.”

“మరి?”

“వద్దులే మేడమ్. ఫెయిలని రాసెయ్యండి.”

“ఇందాక వద్దన్నారుగా.”

“ఇందాక ఎలక ఉందిగా.”

“బాబాయ్.”

“ఇదేంది కొత్తగా. ఆర్నెల్ల నుంచీ హనుమయ్య గారూ, హనుమయ్య గారూ అని పిలిచి.”

“మాది బెల్లంకొండ. నా ఓణీల ఫంక్షన్‌కి మైకు కట్టింది నువ్వే, మా నాన్న చెప్పాడు. కాలేజీలో బాబాయ్ అని పిలిస్తే మార్కులు ఊరికే వేసిందంటారని నోరు కట్టుకున్నా. ఇప్పుడు అడుగుతున్నా, చెప్పు. ఎందుకు లాగావు?”

“బెల్లంకొండ. ఆ ఫంక్షనా. ఆ రోజు కూడా ఒకసారి లాగా.”

“ఏందీ?”

“మీ మేనమామ మైకు తీసుకొని, మీ అమ్మ పెళ్ళినాడు మగపెళ్ళివారు చేసిన మర్యాదల సంగతి ఎత్తుకున్నాడు. నేను పేరు చెప్పను గానీ, అన్నాడు. లాగేశా.”

“ఆ రోజు కరెంటు పోయిందన్నారే.”

“నేనే అన్నా.”

“బాబాయ్.”

“ఆ మాట వినపడితే నా చెయ్యి ఆగదు తల్లీ. మైకు ముందు మనిషి ఎంత తిట్టినా పర్లేదు, జనం నవ్వుకొని పోతారు. నేను పేరు చెప్పను గానీ అన్నాడా, ఇక చెప్పబోతున్నాడనే లెక్క. గుక్కెడు నీళ్ళు తాగుతాడు. చొక్కా చేతులు పైకి మడుస్తాడు. తర్వాత పేరు బయటికొచ్చుద్ది. పేరొచ్చిందా, ముందు చెప్పు లేచుద్ది, ఆ వెనక కుర్చీ లేచుద్ది. మన పల్నాట్లో కుర్చీ లేచినాక ఏమేం లేస్తయ్యో నీకు నేను చెప్పాలా?”

“అందుకని జాక్ పీకేస్తావా?”

“పేరు వచ్చే లోపల పీకాలి. మరీ ముందు పీకితే అనుమానపడతారు, వచ్చినాక పీకితే లాభం లేదు. గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకునే సందు ఉంటది చూడు, అప్పుడు. మైకు లేకపోతే ఎంత మొనగాడైనా పావుగంట కోపం నిలుపుకోలేడు. నేను ఆ వైరు ఈ వైరు కెలుకుతుంటే చల్లబడి ఇంటికి పోతాడు. పోతా పోతా నన్ను తిడతారు, హనుమయ్యది డొక్కు సెట్టని. తిట్టనీ. నేను మైకు కట్టిన చోట ఒక్క తల పగల్లా.”

“నలభై ఏళ్ళలో?”

“ఒక్కటీ పగల్లా. ఒకచోట వంటాయన కాలుజారి పడ్డాడు గానీ, అది నా లెక్కలోకి రాదు.”

“పిన్నికి తెలుసా?”

“ఆమెకీ డొక్కు సెట్టనే చెప్పా. ఎవరికీ చెప్పలా. నోళ్ళు మూయించే మైకోడని తెలిస్తే ఎవరు పిలుస్తారు?”

“నేను చదివిందంతా సౌండు పోకుండా ఎట్టా చూడాలనే బాబాయ్. ఎట్టా పోగొట్టాలో ఏ పుస్తకంలోనూ లేదు.”

“పుస్తకంలో ఉందే సరైంది. ఇవాళ నాదే తప్పు. కాలేజీ సభ, వచ్చినాయన పెద్దమనిషి. నాకు తెలీక కాదు. కానీ ఆ మాట అన్నాడు. నీళ్ళు తాగాడు. చేతులు మడిచాడు. ముందు వరసలో చూస్తే మన పిల్లలు, ఇంకా మీసాలు సరిగ్గా రానోళ్ళు. ఎవర్ని అనబోతున్నాడో, వీళ్ళ మీదికి ఏమొచ్చి పడుద్దో అని నిజంగా భయపడ్డా తల్లీ.”

“ఆపినాక ఆయనేం చెప్పాడో విన్నావా?”

“యాడ వినేది. మైకు పోంగానే కుర్రోళ్ళు ఈలలు మొదలెట్టారు. నేను అప్పటికే జనరేటర్ కాడ ఉన్నా.”

“నేను కంట్రోల్ రూములో ఉన్నా, నాకూ వినపళ్ళా. కాసేపు ఒట్టి గొంతుతోనే మాట్లాడి, దండం పెట్టి, సత్తెనపల్లిలో ఇంకో సభ ఉందని కారెక్కాడంట.”

“కోపంగా పోయాడా?”

“నవ్వుకుంటా పోయాడంట.”

“అది ఇంకా ప్రమాదం.”

“మాట్లాడేచోట బల్ల మీద ఎన్ని మైకులున్నాయి బాబాయ్?”

“రెండు.”

“ఒకటి నీ మిక్సర్‌లోకి. రెండోది?”

“అందానికి.”

“మూడో వారం చెప్పిన పాఠం అది. రెండోది నేరుగా కెమెరాలోకి పోద్ది. హాల్లో సౌండు పోయినా రికార్డింగు పోదు.”

“మూడో వారం ముహూర్తాలు గదా, పెళ్ళి మైకులుండి రాలా.”

“హాజరు ఉందే.”

“సందీప్ పలికాడు నా బదులు. పిల్లోణ్ణి ఏమనమాక.”

“వాడి సంగతి తర్వాత చూస్తా. ముందు ఇది వింటే గానీ గడిలో ఏం రాయాలో తేలదు. ఆయన ఎవర్నైనా తిట్టబోయుంటే, గొడవ ఆపాడని రాసి నిన్ను ఒడ్డున పడేస్తా. మంచి మాట చెప్పబోయుంటే మాత్రం నావల్ల కాదు.”

“పెట్టమాక తల్లీ.”

“లేచి తలుపు వైపు పోతున్నావేంది?”

“ఆపినాక ఎవరేం చెప్పారో నలభై ఏళ్ళలో ఒక్కసారీ వినలా.”

“ఇప్పుడు విను. స్పీకర్లో పెడుతున్నా.”

“‘నేను పేరు చెప్పను గానీ, మీ బ్యాచ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళ కిందట ముప్పాళ్ళలో నా సభకి మైకు కట్టింది ఆయనే. కుర్రతనం, కోపం నెత్తికెక్కి ఉంది. ఒక మనిషి పేరు చెప్పి, వాడింటి మీదికి పదండ్రా అనబోయా. మైకు పోయింది.’”

“ఆపనా బాబాయ్?”

“ఆపమాక.”

“‘అప్పుడు మైకు పోకపోతే ఆ మనిషి ప్రాణంతో ఉండేవాడు కాదు, నేను ఇట్టా బయట తిరిగేవాణ్ణి కాదు. తర్వాత వెనక్కిపోయి చూస్తే జాక్ పీకేసి ఉంది. ఇన్నేళ్ళూ మొహమాటపడి ఆయనకి ఒక్క మాట చెప్పలేకపోయా. అందుకే ఇవాళ నలుగురి ముందు చెప్తున్నా, వచ్చే బ్యాచ్ నుంచి ఈ కోర్సులో ఆయన కూడా పాఠం చెప్పాలని కమిటీలో తీర్మానం చేశాం. వెనకోళ్ళకి వినపడట్లేదా? మైకు పోయిందా? అయితే నేను పేరు చెప్పే పన్లేదు, ఇందాక జాక్ పీకి, జనరేటర్ వైపు పోయాడే, ఆయనే.’”