ఎర్ర దుప్పటికి కాజా లేదు

నేను ఇంతకుముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత సూది పట్టుకున్నాను. రాయడమంటే నాకు కొలతల చీటీ మీద "చెయ్యి పొడుగు ఇరవై రెండు" అని రాయడమే. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మా దర్జీ షాపులో నా పని కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం. కత్తిరించేది మాస్టరుగారు. పక్క మిషను మీద గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ అమ్మాయి, మూలన ఇస్త్రీ తాత. బట్టల మూటలు వ్యానులో చేరవేసేది మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు. ఆయన ఎదురుగా నేను దగ్గొచ్చినా ఆపుకుంటాను.

ఆకాశంలో ఎగిరే వీరుడి సినిమా ఒకటి పోయినేడు బాగా ఆడింది. అందులో అతని భుజాల మీంచి వెనక్కి రెపరెపలాడే ఎర్ర గుడ్డ మా షాపులో కుట్టిందే. సినిమా వాళ్ళు కేప్ అంటారు, మేం ఎర్ర దుప్పటి అంటాం. ఇప్పుడు రెండో భాగం తీస్తున్నారు. కొత్త దుప్పటి తయారైంది. మర్నాడు పొద్దున్నే దాన్ని షూటింగుకి తీసుకెళ్ళి, ఎగిరే మనిషికి తొడిగి, బిగించి, దగ్గరుండి చూసుకోవాలి. పోయినసారి మాస్టరుగారే వెళ్ళారు. ఈసారి ఆయన మోకాలు వాచింది. ఎవరు వెళ్ళాలో నాలుగు గంటల టీ దగ్గర తేలుస్తానన్నారు. నాకు వెళ్ళాలని ఉంది. ఎవరితోనూ అనలేదు.

టీ రాగానే షాపు మెట్ల మీద కూర్చుని బావగారు మొదలుపెట్టారు.

"పోయినసారి దుప్పటి మోసుకెళ్ళింది ఎవరు? నేను. అదైనా ఒప్పుకుంటారా?"

"మోసింది వ్యాను" అంది ఓవర్‌లాక్ అమ్మాయి.

"ఆ వ్యాను తోలిందెవరమ్మా? సరే, విను. మాస్టరుగారు లోపల డేరాలో ఉన్నారు, నేను మూట దించి వెనక్కి తిరిగానో లేదో డైరెక్టరు పరిగెత్తుకొచ్చి 'అన్నా, తీసింది చూసి ఒక్క మాట చెప్పు' అన్నాడు. చూశాను. ఊరు కూలే సీనుందే, మేడలు పేకముక్కల్లా పడిపోతాయి, సముద్రం లేచి వీధిలోకొచ్చేస్తుంది, రెప్ప వెయ్యలేం కదా, మొదట్లో అందులో కూలింది ఒక్క మేడే! 'ఇదేం పిసినారితనమయ్యా, ఊరంతా కూల్చు' అన్నాను. కూల్చాడు. ఆ సినిమాలో కంటికి బాగున్నదంతా నేను చెప్పిందే."

"మరి బాగాలేనిదో?" అన్నాడు తాత.

"అది నేను చెప్తే విననిది. తల్లి పోయే సీను చూశావుగా, కొడుకు ఏడవడానికి కూర్చునే లోపే వెనకాల ఏదో పేలుతుంది. 'వాణ్ణి కాసేపు ఏడవనివ్వండి, పేలుడు ఎక్కడికీ పోదు' అన్నాను. వినలేదు. విలనుకి అంత కోపం ఎందుకో ఆఖరి దాకా విలనుకే తెలియదు. అదీ చెప్పాను. అంత ఊరు కూలిందే, 'నా ఇల్లు పోయింది' అని ఏడ్చిన మనిషి ఒక్కడున్నాడా? లేడు. ఎందుకు లేడు? నా మాట వినలేదు గనక."

ఇక్కడ నా మాట ఒకటి రాయాలి. ఆ సినిమా నేనూ చూశాను. ఆ రంగులకీ ఆ ఎగరడానికీ నోరు తెరుచుకుని చూశాను. కానీ ఆ తల్లి దగ్గర నాకు ఏడుపొచ్చే లోపే మేడ కూలింది. బావగారు కోతలు కోస్తారు గానీ ఆయనకి సినిమా చూడ్డం తెలుసు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? హీరో బదులు ఎగిరే మనిషికి జ్వరం తగులుకుంది, అందరూ నా మీద పడ్డారు. సరే, దుప్పటి తొడుక్కున్నాను, నడుముకి తాడు కట్టారు, రెండు మేడల ఎత్తుకి లేపి కింద ఇంత ఫ్యాను పెట్టారు. దుప్పటిలోకి గాలి దూరిందా, తాడు పుటుక్కున తెగింది!"

"పడ్డావా?" అన్నాడు తాత.

"పడితే ఈ టీ ఎవరు తాగుతున్నట్టు? పైకి పోయాను. మబ్బులోపల తడి ఉంటుంది తాతా, నువ్వు ఇస్త్రీకి ముందు చల్లే నీళ్ళలాగే సన్నగా. పక్కన విమానం పోతోంది, కిటికీలోంచి ఒకావిడ చెయ్యూపింది, నేనూ ఊపాను. ఇంతలో రెక్క ఒరిగింది. చూస్తూ ఊరుకుంటామా? భుజం ఆనించాను."

"ఏ భుజం?" అంది ఓవర్‌లాక్ అమ్మాయి.

"కుడి. ఇప్పటికీ వాన పడితే లాగుతుంది. విమానాన్ని దించి వచ్చేసరికి పొద్దు వాలిపోతోంది, 'వెలుతురు పోయిందన్నా' అని డైరెక్టరు నెత్తీనోరూ కొట్టుకుంటున్నాడు. మళ్ళీ ఎగిరి, సూర్యుణ్ణి ఇలా రెండు చేతులా పట్టి జానెడు పైకి నెట్టాను. జానెడంటే జానెడే, ఎక్కువ చెప్పుకోను. ఆ సీనులో కంప్యూటరు పని ఇంత కూడా లేదు."

తాత నవ్వి నవ్వి పంచె మీద టీ ఒలకబోసుకున్నాడు. మాస్టరుగారు మాత్రం మోకాలు రుద్దుకుంటూ, "సూర్యుడి సంగతి ఉండనీ. రోజంతా అక్కడే తిరిగావుగా, దుప్పటి బిగించడం చూశావా లేదా?" అన్నారు.

"చూడ్డమేంటి, కట్టుకున్నానంటుంటే!"

"అయితే రేపు నువ్వే చూసుకో. బండి ఎలాగూ నీదే. ఇంకొకరెందుకు?"

నా సూదిలోంచి దారం జారిపోయింది. ఎప్పట్లాగే తల దించుకుని మళ్ళీ ఎక్కించుకుందామనుకున్నాను. కానీ రేపు ఆ దుప్పటి తొడుక్కుని ఎగిరే మనిషి గుర్తొచ్చాడు. ఎవరో ఏమో, వాడికీ ఒక మెడ ఉంటుంది కదా.

"బావగారూ" అన్నాను. మిషను మాట్లాడినట్టు ఓవర్‌లాక్ అమ్మాయి నా వైపు చూసింది. "ఎగిరినప్పుడు దుప్పటి ఎక్కడ బిగించుకున్నారు?"

"ఎక్కడేంటమ్మా, మెడ దగ్గర! పళ్ళెమంత బంగారు గుండీ ఉంది కదా. తెర మీద లోకమంతా చూసింది."

"ఆ గుండీకి కాజా లేదు బావగారూ."

సూది పక్కన పెట్టాను. మొదలుపెట్టాను గనక పూర్తిగా చెప్పాల్సొచ్చింది.

"అది పైకి కనబడ్డానికి కుట్టింది. కుట్టింది నేనే. కాజా ఎక్కడ తియ్యాలని అడిగితే మాస్టరుగారు వద్దన్నారు. దుప్పటి బరువంతా మెడ మీద పడితే ఊపిరాడదని, లోపలి చొక్కాకి వీపు మీదా చంకల కిందా పన్నెండు కొక్కేలు నాచేతే పెట్టించారు. కొత్తదీ అలాగే కుట్టాం. రేపు కాజా కనబడక ఎవరైనా పిన్నీసు పెట్టి మెడ దగ్గర బిగిస్తే, విమానం దాకా అక్కర్లేదు, మొదటి మేడ దగ్గరే..." ఆ పైన అనలేకపోయాను. ఆయన పెద్దవారు.

"మరి సూర్యుణ్ణి నెట్టినప్పుడు నువ్వు కట్టుకున్నది ఏ దుప్పటిరా?" అన్నాడు తాత.

"ఇంట్లోది" అంది ఓవర్‌లాక్ అమ్మాయి. "మంచం మీంచే ఎగిరాడు."

మాస్టరుగారు నవ్వలేదు. "ముందు ఏ వైపు కొక్కేలు పెట్టాలి?" అని నన్నడిగారు.

"ఎడమ వైపువి. లేకపోతే మెలిక పడుతుంది."

"రేపు నువ్వు వెళ్ళు."

బావగారు ఖాళీ గ్లాసు మెట్టు మీద పెట్టారు. "ఆరింటికి బండి. ఆలస్యమైతే ఆగను" అని లేచి వెళ్ళారు.

మర్నాడు గుండీల డబ్బాలో రెండు సూదులు, ఎర్ర దారం ఉండ, మైనం ముక్క, ఇంకో పన్నెండు కొక్కేలు సర్దుకుని ఐదున్నరకే వెళ్ళి నిలబడ్డాను. ఎప్పుడూ వెనక మూటల మధ్య కూర్చునేదాన్ని. బావగారు ఈసారి ముందు తలుపు తీశారు.

దారిలో టీ కోసం బండి ఆపారు. ఆయన గ్లాసు అందుకోవడమే ఆలస్యం, అక్కడున్న నలుగురితో మొదలుపెట్టనే పెట్టారు. "ఆ బండిలో కూర్చుందే, మా మరదలు. ఈవేళ ఒక మనిషి ఆమె కుట్టు మీద గాల్లో ఎగరబోతున్నాడు."

ఆ మాటలో కోత లేదు. నలుగురూ ఇటు తిరిగారు. నేను కిటికీ అద్దం పైకెత్తబోయి ఆగి, పూర్తిగా కిందికి దించాను.