లింగం కూసునే రాయి

“నూరుసార్లు చెప్పిన వదినె, ఆ రాయి నాది గాదు. నా రాయి నూరడుగులు దాటదు,” అన్నడు లింగం, ఆ రాయి మీదనే కూసుంట.

“మరి కాళ్లొచ్చి నడుసుకుంట వచ్చిందా నా రేకు మీదికి?” అన్నది అరుణమ్మ.

ఈ పంచాయితి ఏడాది సంది నడుస్తనే ఉన్నది. లక్డారంల క్రషర్లకు వోయే తొవ్వ మీద అరుణమ్మది చాయ్ హోటల్. హోటలంటే పెద్దగేం లేదు, చుట్టు తడకలు, ముంగట ఒక తలుపు, మీద ఆరు సిమెంటు రేకులు, లోపల ఒక గ్యాసు పొయ్యి. పోయిన ఎండకాలం ఒక దినం పగటీలి ఒంటిగంటకు రాయొకటి ఎగిరొచ్చి రేకు పగలగొట్టుకొని పొయ్యి పక్కకు వడ్డది. పాలగిన్నె సొట్టవోయింది. అరుణమ్మ చక్కెరకని దుకాణం దాక వోయింది గనక ఆమె తలకాయ సొట్టవోలే.

ఆమె ఏడ్సుకుంట కూసునే మనిషి గాదు. రాయిని తలుపు గుండ బయటికి దొర్లిచ్చింది, రేకు బొక్కకు ఎవనిదో లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టింది. గని వాన వడ్డప్పుడల్ల ఆ లీడరు నోట్లకెళ్లి నీళ్లు కారి సక్కగ పొయ్యిల వడుతున్నయి. ఇంకో నాలుగొద్దులైతే మిరుగం, వానలు మొదలైతయి. మొగడు సచ్చినంక ఆమెను సాకుతున్నది ఆ పొయ్యే. ఈ వానకాలం గూడ అది ఆరిపోతే ఏం తినాలె?

కొత్త రేకు, బోల్టులు, ఆటో కిరాయి, మేస్త్రి కూలి అన్ని కలిపి పంతొమ్మిది వందల ముప్పై. ఆ లెక్క అరుణమ్మకు నోటికొచ్చు. రోజు ఇని ఇని లింగానికి గూడ నోటికొచ్చు.

గని ఎవన్ని వట్టుకుంటది? ఆడ క్వారీలు నాలుగు, బ్లాస్టర్లు నలుగురు. పొద్దుగాల సంది బండకు బొక్కలు కొడుతరు, బొక్కలల్ల మందు కూరుతరు, ఒంటిగంటకు సైరన్ ఊది నలుగురు ఒక్కపారే పేలుస్తరు. ఆ దుమ్ముల ఏ రాయి ఎవనిదో దేవునికి గూడ ఎరుకగాదు. ఆమె నాలుగు క్వారీలకు వోయి అడిగింది. ఒకడు ఇంకొకని మీద చెప్పిండు, ఆ ఇంకొకడు మరొకని మీద చెప్పిండు. నాలుగో బ్లాస్టర్ లింగం ఒక్కడే ఎవ్వల మీద చెప్పలే. రాయి ఎత్తు బాగున్నదని దినాం వచ్చి దాని మీద కూసునుడు మొదలువెట్టిండు.

గా మాటలల్లనే స్కూటర్ మీద కామేశ్వరరావు దిగిండు. నలభై ఏండ్ల కింద ఆంధ్ర దిక్కునుంచి కంపెనీ నౌకరికొచ్చి, రిటైరై ఈడనే ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. కొడుకు కోసమని కొండాపూర్ కాడ ప్లాటు కొన్నడట. ప్లాటు నడిమిట్ల ఏనుగంత గుండు. దాన్ని పేల్చేటందుకు మంచి బ్లాస్టర్ ఎవలన్న ఉన్నరా అని అడిగిండు.

లింగం రాయి మీదనే నడుము సక్కగ చేసుకున్నడు. “అందరికి చాయ్ వొయ్యి వదినె, పైసలు నేనిస్త,” అన్నడు. అందరంటే లింగం, కామేశ్వరరావు, టిప్పర్ నడిపే పెద్దరాములు. అరుణమ్మ నాలుగో గిలాస తనకు పోసుకున్నది.

ముందుగాల చిన్నగనే ఎత్తుకున్నడు. ఒక రైతు బాయిల బండ తగిలిందట. బాయి పక్కకే పెంకుటిల్లు, ఇంట్ల తొట్టెల పసిపిల్ల. లింగం మూడు బొక్కలల్ల మందు కూరి, రాయి ఎగరకుంట మీద మట్టి దట్టించి, ఇసుక బస్తాలు పరిచి పేల్చిండట. బండ మూడు తునకలైంది, పిల్ల మాత్రం నిద్ర లేవలే.

“నమ్మాల్సిన మాటేనండి,” అన్నడు కామేశ్వరరావు మర్యాదకు.

అట్ల అనుడే ఆయన చేసిన తప్పు.

పిల్ల లేవకపోవుడు ఒక పనా సార్, అటెన్క ఏమైందో ఎరుకేనా, అని లింగం గిలాస పక్కకు వెట్టిండు. గడ్డపోతారంల ఒక జరం గోలీల కంపెనీ గోడౌన్ కింద బండ ఉన్నదట. మీద యాభై వేల గాజు సీసాలు. మేనేజర్ వాటిని తీపిస్త అంటే, ఎందుకు పరేషాన్, ఉండనియ్యిండ్రి అన్నడట లింగం. ధన్‌మన్నది. బండ పిండి పిండైంది, ఒక్క సీస పగలలే. పగలకపోవుడే గాదు, ఆ అదురుకు యాభై వేల మూతలు ఒక్క చుట్టు తిరిగి వాటంతటవే బిగుసుకున్నయట. మూతలు బిగించే ఆడోళ్లు పన్నెండు మంది ఆ దినం ఖాలీగ కూసున్నరట.

“ఆళ్లకు కూలి ఇచ్చిండ్రా?” అన్నది అరుణమ్మ.

“సగం దినం ఇచ్చిండ్రు వదినె,” అన్నడు లింగం, రెప్ప కొట్టకుంట.

ఇగ అక్కడికెళ్లి పగ్గం తెంపుకున్నడు. మొన్న అరవై బొక్కలు పేల్చిండట క్వారీల. రాళ్లు గాలిలకు లేసి గాలిలనే వేరు వడ్డయట, పెద్ద కంకర ఒక దిక్కు, సన్న కంకర ఒక దిక్కు, దుమ్ము ఇంకో దిక్కు. కింద వరుసగ నిలవడ్డ ఆరు టిప్పర్లల్ల ఎందుల వడేది అందుల వడ్డదట. కాంటా ఎక్కిస్తే ఒక్కొక్కటి సరిగ్గ ఇరువై టన్నులు, కిలో ఎక్కువ లేదు, కిలో తక్కువ లేదు. క్వారీ సేటు ఇగ క్రషర్ మిషను అమ్మేస్త అని బేరం గూడ పెట్టిండట. రేపు నాకు పాణం బాగలేకుంటే ఎట్ల సేటు, ఉండనియ్యి అని లింగమే ఆపిండట.

“నేను ఆ క్వారీలనే నడుపుత గదనే. నా టిప్పర్ ఎన్నడు గట్ల నిండలే,” అన్నడు పెద్దరాములు.

“నువ్వు అన్నం తింటున్నవు, సూడలే.”

పెద్దరాములు తల ఊపిండు. అన్నం తినుడు నిజమే.

కామేశ్వరరావు కళ్లద్దాలు తుడుసుకున్నడు. “అంతా బాగానే ఉంది గానీ బాబూ, నా భయమల్లా ఎగిరే రాయి గురించే. నా ప్లాటుకు మూడు గజాల్లో పక్కవాళ్ల గోడ. అసలు మీ రాయి ఎంత దూరం పోతుందంటారు?”

అరుణమ్మ చాయ్ వడగట్టుడు ఆపింది. నూరడుగులు అంటడా, ఇంకేమన్న అంటడా అని సూసింది. లింగానికి ఆమె ముంగట ఉన్నదన్న సోయే లేదు. ఆయనకు కొండాపూర్ల గుండు, కామేశ్వరరావు అంగి జేబు, గవ్వే కండ్లకు కనవడుతున్నయి.

“దూరమా సార్? నేను ఎంత చెప్తే అంత. నా రాయి నేను చెప్పిన కాడనే వడుతది.”

మైలు దూరంల మక్కచేన్ల అడివిపంది మేస్తుంటే, దాని రెండు చెవుల నడుమ వడ్డదట ఒక రాయి. అదొక లెక్కనా. ఇంకోపారి జెర మందు ఎక్కువైతే రాయి పటాన్‌చెరు దాక వోయి, రింగు రోడ్డు టోల్ గేటు కాడ ఆగిందట. అడ్డం కట్టె లేవలే. ఫాస్టాగ్ లేదు, డబుల్ కట్టాలె అన్నరట టోలోళ్లు. ఆళ్లు లింగానికే ఫోన్ కొట్టిండ్రట. నా పేరు చెప్పి ఇడిసివెట్టుండ్రి అంటే, సలాం కొట్టి కట్టె లేపిండ్రట.

“మళ్ల వాపస్ ఎట్లొచ్చిందే?” అన్నడు పెద్దరాములు. “బస్సుల ఎక్కిందా? ఆడోళ్ల లెక్క ఆడరాయి అయితే టికెటు గూడ ఉండకపాయె.”

కామేశ్వరరావు చాయ్ పొలమారి దగ్గిండు. లింగం నవ్వలే. అరుణమ్మ గూడ నవ్వలే. ఆమెకు వేరే అనుమానం తగిలింది.

“గది సరే లింగం,” అన్నది మెల్లగ. “ఆ రాయి నీదేనని టోలోళ్లకు ఎట్ల ఎరుకైంది? నీకే ఎందుకు ఫోన్ కొట్టిండ్రు?”

లింగం జాలివడ్డట్టు సూసిండు. “నా రాయి ఎవడన్న గుర్తువడుతడు వదినె. కడమ ముగ్గురు బొక్క మూతికి సున్నంతోని గుర్తు వెడుతరు. నేను పచ్చ పెయింటుతోని గుండ్రంగ చుడుత. మా తాత కాడికెళ్లి అదే. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాక పచ్చరంగు వెట్టే బ్లాస్టర్ ఇంకొకడున్నడేమో సూపెట్టు. సూపెడితే ఈ పని ఇడిసివెడుత.”

అరుణమ్మ పొయ్యి బంద్ చేసింది. రాయిని దొర్లిచ్చిన దినం దానికి ఒక దిక్కు పచ్చటి మరక ఉండె. హోటల్ తలుపు గూడ పచ్చదే. తలుపుకు గీసుకొని రంగు అంటిందేమో అనుకున్నది అప్పుడు. ఆ దిక్కే కింద వడ్డది, ఏడాది సంది మళ్ల దాని దిక్కు సూడలే.

“లే,” అన్నది.

“ఎందుకు?”

“నువ్వు లే. పెద్దరాములూ, జెర ఈ రాయి తిప్పు.”

పెద్దరాములు రెండు చేతులేసి రాయిని మలిపిండు. కింద చీమలు. చీమల నడుమ, పైపును నిలువుగ కోసినట్టు డ్రిల్లు కొట్టిన గాడి. గాడి మూతి కాడ సగం చుట్టు, పచ్చగ, నిన్న పూసినంత నిగనిగ.

లింగం నోరు తెరిసిండు. పచ్చరంగు ఎవడన్న పూస్తడు అందామనుకున్నట్టుంది. అప్పుడే అన్న మాట యాదికొచ్చి మూసుకున్నడు. కామేశ్వరరావు వంగి కళ్లద్దాలల్లకెళ్లి సూసి, వేలుతోని ఆ పచ్చ చుట్టును తడిమి, వేలుకంటిన మట్టి దులుపుకున్నడు.

“ఇగ చెప్పు,” అన్నది అరుణమ్మ. “నీ రాయి నువ్వు చెప్పిన కాడనే వడుతదంటివి. నా పొయ్యి మీద వడుమని నువ్వే చెప్పినవా? లేకుంటే నువ్వు చెప్పింది అది ఇనలేదా?”

లింగం ఇరుకుల వడ్డడు. చెప్పిన అంటే ఒక తప్పు, ఇనలేదు అంటే కొండాపూర్ గుండు చేజారినట్టే. పెద్దరాములు గిలాస ఎత్తి మొఖానికి అడ్డం వెట్టుకున్నడు.

“ఆ దినం మట్టి సక్కగ దట్టియ్యలే వదినె,” అన్నడు లింగం ఆఖరుకు. “ఒంటిగంట కావచ్చె, సైరన్ ఊదిండ్రు, ఇంక నాలుగు బొక్కలు మిగిలినయి. జల్దీల మీది మీదికెళ్లి మట్టి ఏసి పేల్చిన.”

పొద్దటి సంది ఆయన చెప్పిన మాటలల్ల కోత లేనిది అదొక్కటే.

కామేశ్వరరావు గిలాస కింద వెట్టి స్కూటర్ తాళంచెవి తీసిండు. “నేను మనుషుల్ని పెట్టి సుత్తులతోనే కొట్టించుకుంటాలెండి. నెల పడితే పడుతుంది,” అని, అరుణమ్మకు దండం వెట్టి వోయిండు.

లింగం రాయి దిక్కు సూసిండు. కూసుందామంటే పచ్చరంగు పైకి ఉన్నది. నిలవడే ఫోన్ తీసిండు.

“పంతొమ్మిది వందల ముప్పై గద,” అన్నడు, అడుగకముందే.

“నాలుగు చాయ్‌లు ఎవడు కడుతడు?”

“నీ చాయ్ గూడ నా మీదనేనా?”

“అందరికి వొయ్యమంటివి గద.”

లింగం నిట్టూర్సి అంకెలు నొక్కిండు. నీళ్లు కారుతయని కవరు సుట్టి పొయ్యి మీద యాలాడగట్టిన, ఫోన్ పైసలొస్తే చెప్పే డబ్బా గరగరమని గొంతు సవరించుకొని, తొవ్వంత ఇనవడేటట్టు చెప్పింది: వెయ్యి తొమ్మిది వందల డెబ్బై రూపాయలు.