అమ్మవారు ముందు పీల్చాలి

నర్సు పుష్పలత బూర్గంపాడు అవతలి అడవిపల్లెకు వచ్చేసరికి, ఆదెమ్మ ఒడిలో ఐదేళ్ల మనవరాలి ఊపిరి ఆయాసంతో ఈలలు వేస్తోంది.

"పీల్చే మందు ఇచ్చి పది రోజులాయె. ఎందుకు పట్టలేదమ్మా?"

"నోరు తెరుస్తలేదు సిస్టరమ్మా. కొత్తది ఏదైనా ముందుగాల అమ్మవారికి పెట్టాలెనని నేనే నేర్పిన."

"అది చేన్ల కొత్తగా కాసిన చిక్కుడుకాయలకు గదా!"

"గదే చెప్పిన. వింటదా?"

"అయితే అమ్మవారికే పట్టు."

ఆదెమ్మ వాకిట్లోని అమ్మవారి గద్దె ముందు మందు డబ్బాను ఒకసారి నొక్కింది. తెల్లటి ఆవిరి గాలిలో కలిసిపోయింది.

"అమ్మవారు దగ్గిందా అవ్వా?" అంది పాప.

"లేదు బిడ్డా."

"నేను గూడ దగ్గ."

పాప కళ్లు మూసుకుని, నోరు తెరిచి, అవ్వ నొక్కిన మందును నిండుగా పీల్చింది. కాసేపటికి ఈలలు సద్దుమణిగాయి.

"రేపు గూడ అమ్మవారికి పెట్టాలెనా?" గుసగుసగా అడిగింది పుష్పలత.

"కొత్తది ఒక్కపారే పెడ్తం." ఆదెమ్మ చూపు గద్దె ముందు నిలబడ్డ నర్సు వట్టి కాళ్ల మీద పడింది. "గదేంది సిస్టరమ్మా, చెప్పులెప్పుడు ఇడిసినవ్?"